పెద్దన్న చొక్కాకు మూడు చిల్లులు

మా మావయ్య, అంటే మా ఆయన తండ్రి, నలభై ఏళ్ళు దర్జీగా బతికాడు. బజారు మూలన ఇరుకు కొట్టు, రెండు మిషన్లు, ఒక కత్తిరింపు బల్ల. కుట్టు నూలుపోగంత వంకరపోయినా విప్పి మళ్ళీ కుట్టేవాడు. నేను కాపురానికొచ్చిన నెలలోనే నాకు గుండీలు కుట్టడం నేర్పి పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఆ కొట్టులో మూడేళ్ళు కాజాలు కుట్టినవాడే తర్వాత ఊరంతా పెద్దన్న అని పిలిచే నాయకుడయ్యాడు. కాజాలైనా సరిగ్గా కుట్టాడా అంటే అదీ లేదు! వంకర వస్తే సూది మంచిది కాదనేవాడు, దారం నాసిరకం అనేవాడు. తప్పు ఏనాడూ తనది కాదు. ఒకరోజు పన్నులు వసూలు చేసే గుమాస్తా చెంప నడిబజారులో ఛెళ్ళుమనిపించాడు. జనం చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను, సిగ్గులేక. అవి వాడి తలకెక్కాయి. ఏడాది తిరిగేసరికి చేతిలో తుపాకీ, వెనక దండు, గోడల నిండా వాడి బొమ్మలు. ఇంటికొకణ్ణి పంపాలన్నాడు. మా ఇంట్లో ఉన్నది మా ఆయనే, ఆయన్నే పట్టుకుపోయారు. అప్పటికి మా పెళ్ళై ఏడాది.

దండు యూనిఫారాలు కుట్టే పనీ మా నెత్తినే పడింది. పెద్దన్న కొలతలకు మావయ్యే వెళ్ళేవాడు. ముప్ఫై రెండున్న నడుము ఐదేళ్ళలో నలభై నాలుగుకొచ్చింది. దండులో వాళ్ళ చొక్కాలు మాత్రం ఏటా సన్నబడేవి. జనానికి తెస్తానన్న విముక్తి అంతా వాడి పొట్టకే వచ్చినట్టుంది. ఆ పొట్ట చుట్టూ టేపు తిప్పుతూ మావయ్య ప్రతిసారీ అదే అడిగేవాడు.

"మావాణ్ణి ఒక్కసారి ఇంటికి పంపించు బాబూ. కోడలు ఎదురుచూస్తోంది."

"వస్తాడులే. పెద్ద పని మీదున్నాడు," అని వాడు ఆవలించేవాడట.

ఎలాగోలా వాడి మనసు కరిగితే కొడుకు ఇంటికొస్తాడని మావయ్య ఆశ. అంత మనిషి ఆ వెధవని బాబూ, బాబూ అని బతిమాలాడని వింటూ నేను సూదిని కసిగా గుడ్డలో గుచ్చేదాన్ని.

ఒక పొద్దున వాడి మనుషులిద్దరు కొట్టులోకి వచ్చారు. పెద్దన్న నిన్న చచ్చాడట. స్నానాలగదిలో సబ్బు మీద కాలేసి జారి, తల పగిలి చచ్చాడు. ఊరికి మాత్రం శత్రువు గుళ్ళకు ఎదురొడ్డి ఒరిగిపోయాడని చెప్పాలి. మధ్యాహ్నానికి శవాన్ని నడిబజారులో పెడతారు.

"కొలతలు నీ దగ్గరున్నాయిగా. రెండంగుళాలు వదులు పెట్టు, ఉబ్బాడు. గుండె దగ్గర మూడు చిల్లులు పడాలి," అన్నాడు పొడుగాటివాడు. "ఎలా ఉంటాయో తెలీకపోతే ఇది చూసుకో," అని సంచిలోంచి ఉతికిన పాత చొక్కా ఒకటి తీసి బల్ల మీద పడేశాడు.

మావయ్య దాన్ని తిరగేశాడు. మూడు చిల్లులూ వీపు మీదే.

"వెనక ఉన్నాయేం?"

"పారిపోయేవాణ్ణి ఎదురెళ్ళి కాలుస్తామా ఏంటి? ఇంటికి పోతానని గోడ దూకాడు. నువ్వు మాత్రం ముందు పెట్టు."

మావయ్య వేళ్ళు కాలరు దగ్గర ఆగిపోయాయి. నేనూ చూశాను. అరిగిన కాలరు విప్పి, తిరగేసి, చేత్తో వేసిన కుట్టు. మా ఆయన్ని తీసుకుపోవడానికి ముందురోజు మావయ్య వేసిందే. అరవబోయాను. మావయ్య నా మణికట్టు గట్టిగా నొక్కాడు.

తర్వాత జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నాకు అసహ్యమే. వాళ్ళంటే అసహ్యం, మావయ్యంటే అసహ్యం, పక్కన కూర్చుని ఆ చొక్కాకు గుండీలు కుట్టిన నేనంటే మరీ అసహ్యం. మావయ్య కొత్త చొక్కా కుట్టాడు. ఇనప ఊచ ఎర్రగా కాల్చి మూడు చిల్లులు పెట్టాడు. ఒక్క కుట్టూ వంకరపోలేదు.

వాళ్ళు దాన్ని మడిచి సంచిలో పెట్టుకుని, పాతది కూడా తీసుకోబోయారు.

"అది ఇచ్చిపోండి బాబూ," అన్నాడు మావయ్య. "మిషన్ తుడుచుకోడానికి గుడ్డ లేదు."

"ఈ చింకిగుడ్డ కోసమా ఇంత ఏడుపు!" అని నవ్వి, పొడుగాటివాడు దాన్ని మా కాళ్ళ దగ్గరికి విసిరేశాడు. పెళ్ళైన ఆరేళ్ళకి మా ఆయన అలా ఇంటికొచ్చాడు.