అన్నకు చెప్పని డాక్టర్ మాట

ఆరేండ్ల సంది ఒక అబద్ధం మోస్తున్న. దించుకుందామంటే మనిషి దొరకలే. నువ్వెవరో నాకు తెల్వదు, అందుకే నీకు చెప్తున్న.

వరంగల్ల మాది బట్టల దుకాణం. అన్న గల్లా మీద, నేను బట్టలు కొలిచే కాడ. "వీనికి మీటరు కొల్చుడు గూడ రాదు" అని గిరాకీల ముందర అనేటోడు. అందరు నవ్వేటోళ్లు. నాకు అరవై నిండినా, వాళ్లతోని నేనూ నవ్వేటోన్ని.

హన్మకొండల ఏదో వైద్య శిబిరం పెడితే ఇద్దరం పరీక్షకు రక్తం ఇచ్చినం. అన్నకు ప్రొస్టేట్ పరీక్షల ఎక్కువొచ్చింది. ముక్క తీసి చూస్తే క్యాన్సర్. రిపోర్టు రోజు అన్న భయంతోని, నువ్వే అడిగి రా అని దవాఖాన బెంచీ మీదనే కూసున్నడు. లోపలికి నేనొక్కన్నే పోయిన.

డాక్టర్ నిదానంగ చెప్పిండు. చాన చిన్నది, మెల్లగ పెరిగే రకం. ఈ వయసుల దాన్ని ముట్టకున్నా ఏండ్లకేండ్లు బతకొచ్చు. అప్పుడప్పుడు పరీక్షలు చేసుకుంట చూద్దాం. కోస్తే మూత్రం ఆగకపోవచ్చు, మగతనం పోవచ్చు.

బయటికొచ్చిన.

"ఏమన్నడు తమ్మీ?"

"కోసి తీసెయ్యాల్నట అన్నా. ఆలస్యం చేస్తే దక్కవట."

భయపడి అట్ల చెప్పిన్నా? అన్న మీది పాణంతోని, కంగారుల నోరు జారిందని నన్ను నేను నమ్మించుకోవాలని ఎన్నిమార్లు చూసిన్నో, అన్నిమార్లు గల్లా కాడ అన్న లేని కుర్చే కండ్ల ముందు మెదిలింది. లేదు. తెలిసే చెప్పిన.

మర్నాడు డాక్టర్ అన్నను కూసోబెట్టి చెప్పబోయిండు. అన్న వినలే. "మా తమ్ముడు అన్నీ అడిగిండు సార్, తీసెయ్యున్రి" అని మొండికేసిండు. నేను పక్కనే ఉన్న. నోరు తెరవలే.

ఆపరేషన్ మంచిగనే అయింది. మూత్రమే ఆగలే. డైపర్లు వేసుకొని కొన్నాళ్లు దుకాణానికి వచ్చిండు. ఒకనాడు పెండ్లి బట్టలకొచ్చిన ఆడోళ్ల ముందర లేచి నిలబడితే ధోతి తడిసి ఉన్నది. ఒకామె ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నది. అన్న నా దిక్కు చూసిండు. నేను ఆమె దిక్కు చూసి నవ్విన.

ఆనాటి సంది అన్న ఇల్లు దాటలే. వదిన వేరే అర్రల పండుకుంటది. గల్లా మీద నేను కూసుంటున్న.

పోయినేడు నాకూ అదే బయటపడ్డది. అంతే చిన్నది, అదే రకం. నేను కోయించుకోలే. పరీక్షలు చేసుకుంట చూస్తున్న. ఈ సంగతి అన్నకు తెల్వదు.

ఇంటికెవరొచ్చినా నా చెయ్యి పట్టుకొని చెప్తడు, "వీడు లేకుంటే నేనెప్పుడో పోతుంటి." నేను చెయ్యి గుంజుకోను.

అన్నకు చెప్పలే. చెప్పను గూడ. నీకు చెప్పిన. జర పాణం తేలికైంది. అన్నకు అది గూడ లేదు.