నూటికి నూరు నవ్వులు

ఇరవై ఆరేళ్ళ సర్వీసులో, లెక్కల పీరియడ్ అయ్యాక క్లాసంతా ఆనందంగా ఉండడం లెక్కల టీచరమ్మ ఎన్నడూ చూడలేదు. అలాంటిది ఆమె తొమ్మిదో తరగతికి వరసగా మూడు వారాలు నూటికి నూరు వచ్చింది. హెడ్‌మాస్టరు పొంగిపోయాడు. ఆమెకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ ఏడాదే బడిలో పిల్లలందరికీ ట్యాబ్‌లు ఇచ్చారు. పీరియడ్ చివర తెర మీద నవ్వు ముఖం, ఏడుపు ముఖం కనిపిస్తాయి. పిల్లలు ఏదో ఒకటి నొక్కితే ఆ శాతం స్టాఫ్ రూమ్ గోడ మీదున్న పెద్ద తెరలో పడుతుంది. శాతం అరవైకి తగ్గినవాళ్ళకు వచ్చే ఏడు పదో తరగతి ఇవ్వనని హెడ్‌మాస్టరు ముందే చెప్పేశాడు. ఆయన చరిత్ర చెప్పే మనిషే గానీ కొత్త యంత్రం కనిపిస్తే చాలు, చిన్నపిల్లాడైపోతాడు. ఆరో తరగతి నుంచీ తాను తీర్చిదిద్దుకొస్తున్న పిల్లల్ని సరిగ్గా పదో తరగతిలో ఇంకొకరి చేతిలో పెట్టడమన్నది టీచరమ్మకు మింగుడుపడలేదు.

నూరు వస్తుంటే ఇక బాధేమిటంటే, నోటుపుస్తకాలు వేరే కథ చెబుతున్నాయి. ముఖ్యంగా లౌడ్‌స్పీకర్ పుస్తకం. రెండో బెంచీలో కూర్చునే ఆ పిల్లకు నోట్లో నాలుక లేదు కాబట్టి తోటివాళ్ళు ఆ పేరు పెట్టారు. ట్యాబ్‌లు రాకముందు టీచరమ్మ బల్ల మీద ఒక ఖాళీ చాక్‌పీసుల డబ్బా ఉండేది. అర్థం కానిది చీటీ మీద రాసి, పేరు లేకుండా అందులో వేసేవారు. పేరు లేకపోయినా లౌడ్‌స్పీకర్ చేతిరాత ఆమెకు తెలుసు. రోజూ ఒక చీటీ ఖాయం. యంత్రం వచ్చాక డబ్బాతో పనేముందని హెడ్‌మాస్టరు దాన్ని బీరువా మీదికి ఎక్కించాడు. ఇప్పుడా పిల్ల రోజూ నవ్వు ముఖం నొక్కుతోంది, రోజూ లెక్క తప్పుతోంది.

సాయంత్రం కాఫీ తాగుతూ టీచరమ్మ ఈ గోడంతా భర్త దగ్గర వెళ్ళబోసుకుంది. ఆయన లిఫ్టులు బాగుచేసే మెకానిక్కు. బటన్ల సంగతి తనకంటే ఎవరికి బాగా తెలుసని ఆయన ధీమా.

"జనం నొక్కేది నచ్చిన బటన్ కాదే, తొందరగా బయటపడేసే బటన్. ఆ ఏడుపు ముఖం నువ్వెప్పుడైనా నొక్కి చూశావా?"

చూడలేదు. మర్నాడు ఖాళీ క్లాసులో కూర్చుని నొక్కింది. వెంటనే పదకొండు ప్రశ్నలు వరసకట్టాయి. పాఠం నచ్చలేదా, టీచరు గొంతు వినపడలేదా, ఇంట్లో ఏమైనా ఇబ్బందా? అన్నీ నింపితేగానీ తెర వదలదు. లెక్కల తర్వాత భోజనం గంట. పదకొండు ప్రశ్నలు నింపేవాడికి క్యూలో చివరి చోటే. తానే ఆ వయసులో ఉంటే కళ్ళు మూసుకుని నవ్వు ముఖం నొక్కేదాన్నని టీచరమ్మ ఒప్పుకుంది.

యంత్రాన్ని తిట్టి చేతులు దులుపుకునే రకం కాదామె. ట్యాబ్‌లతో పాటు వచ్చిన, బడిలో ఎవరూ తెరవని ముప్పై నాలుగు పేజీల వాడకం పుస్తకాన్ని కళ్ళజోడు పెట్టుకుని చదివింది. ఇరవై రెండో పేజీలో దొరికింది: ప్రశ్నలు తీసేసి టీచరు తన ప్రశ్న పెట్టుకోవచ్చట. పదకొండూ పీకేసి ఒకటే పెట్టింది. "లెక్కలో ఏ వరుస దగ్గర ఆగిపోయావు?"

శాతం పడిపోతుందని ఆమెకు తెలుసు. పదో తరగతి పోతుందనీ తెలుసు. భయం వేసింది కూడా. అయినా బుధవారం పిల్లలకు కుండబద్దలు కొట్టినట్టు చెప్పింది, నిజం నొక్కమని, క్యూలో ఎవరూ వెనకబడరని.

గురువారం స్టాఫ్ రూమ్ తెర మీద ముప్పై ఎనిమిది పడింది. శుక్రవారం హెడ్‌మాస్టరు ముఖం గంటు పెట్టుకుని క్లాసులోకి వచ్చాడు.

"ఏమైందండీ మీ పిల్లలకి? మొన్నటిదాకా బాగానే ఉన్నారుగా."

"మొన్నటిదాకా ఆకలితో ఉన్నారు సార్. కూర్చోండి, మీరూ ఒక లెక్క చేద్దురుగాని."

చివరి బెంచీలో ఆయన తన ట్యాబ్‌తో ఇరుక్కుని కూర్చున్నాడు. బోర్డు మీద లెక్క: పన్నెండులోంచి, బ్రాకెట్‌లో ఎక్స్ మైనస్ ఐదు తీసేస్తే తొమ్మిది. ఎక్స్ ఎంత? నిన్న ఇరవై ముగ్గురు రెండో వరుస దగ్గరే ఆగారని బోర్డు పక్కనున్న క్లాసు తెర చూపిస్తోంది. టీచరమ్మ ఆ ఒక్క వరుసే మళ్ళీ చెప్పింది, తొందరపడకుండా, రెండు రకాలుగా. పెన్సిళ్ళు కదిలాయి. హెడ్‌మాస్టరు పెన్సిల్ మాత్రం ఆగింది. ఆయన అటూ ఇటూ చూసి, ఏడుపు ముఖం నొక్కి, రెండో వరుస అని కొట్టాడు. అది కాస్తా క్లాసు తెర మీద ఆయన హోదాతో సహా పడింది.

ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు. రెండో బెంచీలోంచి లౌడ్‌స్పీకర్ వెనక్కి తిరిగింది.

"సార్, మైనస్ బయటుంది కదా. బ్రాకెట్ తీస్తే లోపల రెండు గుర్తులూ మారాలి. నేనూ రోజూ అక్కడే తప్పేదాన్ని."

ఆ గొంతు ఎలా ఉంటుందో క్లాసులో సగంమందికి తెలియదు. హెడ్‌మాస్టరు బుద్ధిగా గుర్తులు మార్చుకున్నాడు. ఎనిమిది వచ్చింది. పదో తరగతి మీదేనండీ అని ఆయన వెళ్తూ గుమ్మం దగ్గర అన్నాడట. టీచరమ్మకు వినపడలేదు. ఆమె లౌడ్‌స్పీకర్‌ని ఇంకొకసారి, ఇంకాస్త గట్టిగా చెప్పమంటోంది.