అంచుల్లేని గ్రాఫు

మూడు చిన్న గ్రాఫులకు మూడు నల్లటి పెట్టెలు కట్టి, వాటన్నిటి చుట్టూ బంగారు రంగు చట్రం బిగించిన మొనగాణ్ణి శంషాబాద్ మొత్తంలో నేనొక్కణ్ణే. పెరిగింది మిఠాయి కొట్టులో. మా బాపు డబ్బాతో సహా తూచేవాడు. సరుకుకు సగం అందం డబ్బాదేనని నా చదువు.

హిమాయత్ సాగర్ వైపు ఊళ్ళలో గులాబీలు కొని విమానాల్లో పంపడం నా పని. కిరాయి తక్కువని షెడ్డు విమానాశ్రయానికి దూరంగా, ఆరాంఘర్ అవతల పెట్టాను. ఎండాకాలానికి విమానాశ్రయం దగ్గరి చల్లగదిలో ఒక అర కావాలి. పూలు ఎక్కడ వాడుతున్నాయో చూపిస్తేనే ఇస్తానన్నాడు అక్కడి మేనేజరు. తప్పంతా ట్రాఫిక్‌దేనని నా ధీమా. షెడ్డులో, దారిలో, విమానాశ్రయంలో వాడిన పూలకు చోటుకొక గ్రాఫు గీశాను.

మా దగ్గర లెక్కలు చూసే రావిర్యాల అమ్మాయి స్టాటిస్టిక్స్ చదివింది. కంప్యూటర్ తెర చూసి నవ్వింది.

"ఏందన్నా ఇది, పెండ్లి పత్రికనా?"

"ఉండనియ్ చెల్లె, నిండుగ కనవడ్తది."

"నిండుగ డబ్బాలే ఉన్నయి. పూలేవి?"

సాఫ్ట్‌వేర్‌లో అంచు అన్న చోట ఖాళీ అని రాసింది. బంగారు చట్రం మాయం. నేను బేరానికి దిగాను.

"సరే, పైగీత తియ్యి. కుడిగీత ఉంచు."

"కుడిగీత ఏం చెప్తున్నదో చెప్పు, ఉంచుత."

ఇన్నేళ్ళ బేరాల్లో ఇంత గట్టి మాట నేను వినలేదు. ఎంత కొసరినా అడుగున ఒక్క గీతే మిగిల్చింది.

పెట్టెలు పోయాయి. మూడింటికీ ఒకే కొలత పెట్టింది. ఇప్పుడు వాడిన పూల లెక్క చూపే పట్టీలన్నీ ఒకే నేల మీద పక్కపక్కన నిలబడ్డాయి. అన్నిటికంటే పొడుగ్గా మా షెడ్డు పట్టీ! దారి పట్టీ దాని మోకాలి దాకా కూడా రాలేదు.

"మళ్ళ పెట్టెయ్ చెల్లె ఆ డబ్బాలు!"

"పెడ్త. మేనేజర్ సార్ అడిగితే నువ్వే చెప్పుకోవాలె."

అంత తేటగా ఉన్న బొమ్మను మళ్ళీ కప్పబుద్ధి కాలేదు. వద్దులే అన్నాను.

మేనేజరు ఒక్క చూపు చూసి, "మీ షెడ్డులోనే కదండీ వాడుతున్నాయి?" అన్నాడు. అవునన్నాను.

ఇగ లెక్క. అడిగింది ఎండాకాలమంతా. దొరికింది మే నెల ఒక్కటే, అదీ ఆయన చెప్పినట్టు షెడ్డు చుట్టూ తడి గోనెపట్టాలు కట్టాక. ఏప్రిల్ గులాబీలు పోయాయి. ట్రాఫిక్‌ను తిట్టుకునే వీలూ పోయింది.