ఆగ్నేసమ్మ చెప్పే సగం

నా భార్య ఆగ్నేసమ్మ సమాధి నాందేడ్‌లో ఉంది. మాది బాబ్లీ దగ్గరి పల్లె. మొన్నటి వానాకాలంలో ఆమె నాందేడ్ ఆసుపత్రిలో కన్నుమూసిన రోజు గోదావరి పొంగి మా ఊరి తోవ మునిగింది. ఇంటికి తెచ్చే వీలు లేక పట్నంలోనే మట్టి చేశాం. అందుకే ఈ నవంబరులో సమాధుల పండుగకు అక్కడికి బయలుదేరాను. మా కతోలికుల ఇళ్లలో ఒక పద్ధతి ఉంది. మనిషి పోయాక వచ్చే మొదటి సమాధుల పండుగకు, ఫాదర్ వచ్చి తీర్థం చల్లే ముందు, జంటలో మిగిలినవాళ్లే జపమాల ఎత్తుకోవాలి, అంటే ముందుండి చెప్పాలి.

ఆ మాట తలచుకుంటేనే భయం. జపమాలలో ఒకరు ముందు సగం చెబితే మిగతావాళ్లు వెనుక సగం అందుకుంటారు. పెళ్లయినప్పటి నుంచి మా ఇంట్లో ముందు సగం ఆగ్నేసమ్మదే. పత్తి ఏరేటప్పుడు కూడా ఆమె ఒక సాలులో మొదలుపెట్టేది, పక్క సాలులో నేను అందుకునేవాణ్ణి. బిడ్డ స్టెల్లా పరీక్షలకు, మనుమరాలి జ్వరానికి, నా కంటి ఆపరేషన్‌కు, అన్నిటికీ అంతే. ఎత్తుకునే పని నాకెన్నడూ పడలేదు. నలుగురిలో నోరు విప్పాలంటేనే నాకు చెమటలు.

పొద్దున్నే షేర్ ఆటోలో ధర్మాబాద్ చేరాను. ముప్పై రూపాయలు తీసుకున్నాడు. అక్కడి నుంచి నాందేడ్ ప్యాసింజర్‌కు టికెట్ కూడా ఇంచుమించు అంతే. ఉమ్రీ, ముద్‌ఖేడ్ మీదుగా రెండు గంటల్లో దిగవచ్చు. కిటికీ వైపు తిరిగి ముందు సగం లోపల్లోపల చెప్పుకుని చూశాను. రెండు ముక్కలు కాగానే నోరు తనంతట తాను వెనుక సగంలోకి దూకేది. మళ్లీ మొదటికి. మళ్లీ అంతే. ఎదురుగా బంతిపూల గంపతో కూర్చున్న ఆమె చాలాసేపు చూసింది.

"ఏం కాకా, కోర్టుల గవాయి చెప్పనీకి వోతున్నవా? గంతగనం వణుకుతున్నవ్."

"మా ఇంటామె కాడికి," అన్నాను.

"గింత భయపడవడ్తివి, కొడ్తదా ఏంది?"

అని, నా చేతిలోని జపమాల చూసింది. దిగేముందు రెండు దోసిళ్ల పూలు నా సంచిలో పోసింది.

స్టేషన్ బయట ఆటోవాళ్లకు క్రిస్టియన్ స్మశాన్‌భూమి అంటే తెలుస్తుంది. వంద అడుగుతారు, ఎనభైకి వస్తారు.

స్టెల్లా, అల్లుడు, మనుమరాలు అప్పటికే సమాధి కడిగి కొవ్వొత్తులు వెలిగించారు. చుట్టూ అందరివీ మరాఠీ ప్రార్థనలు. ఫాదర్ రెండు వరుసల అవతల ఉన్నారు.

"బాపూ, ఎత్తుకో. ఫాదర్ అస్తున్నడు."

"నువ్వెత్తుకో బిడ్డా."

"అమ్మకు నువ్వే ఎత్తుకోవాలె. నేనెట్ల ఎత్తుకుంట?"

సిలువ గుర్తు వేసుకుని పూస పట్టుకున్నాను. ఒక్క మాట రాలేదు. ఆగ్నేసమ్మ తన సగం చెప్పడానికి పట్టేంత సేపు గడిచిందో ఏమో, నా నోట "పరిశుద్ధ మరియమ్మా" అని వెనుక సగం వచ్చేసింది. అల్లుడు తలెత్తి చూశాడు. ఆమె పక్కన నన్నూ పూడ్చేస్తే బాగుండుననిపించింది. అయినా ఆ సగం ముగించి, వేలు ఇంకో పూస మీదికి జరిపి ఆగాను. నా వంతు రాగానే మళ్లీ అందుకున్నాను. మూడో పూసకు స్టెల్లా గొంతు కలిపింది. ముందుది ఎవరు చెప్పాలని మనుమరాలు తల్లి కొంగు లాగి అడిగింది.

"ఊకో. ఇను," అంది స్టెల్లా.

ఫాదర్ వచ్చి, తీర్థం చల్లకుండా, చివరి పూస దాకా నిలబడ్డారు.

సాయంత్రం బండికి ఇల్లు చేరాను. ముందు సగం ఫోన్లో రికార్డు చేసి పంపుతాను, నేర్చుకోమంటోంది స్టెల్లా. వద్దన్నాను. సమాధి దగ్గర నేను ఆగిన ఆ కొంచెం సేపట్లో ఆగ్నేసమ్మ గొంతు, ఊపిరి తీసుకునే చోటుతో సహా, నాకు వినబడింది. నేర్చుకుంటే అక్కడ నా గొంతే ఉంటుంది. నేర్చుకోకపోయినా, ఒకనాడు అక్కడ ఏమీ వినబడకపోతే? ఆ భయంతోనే రోజూ దీపాల వేళ పూస పట్టుకుని ఆగుతున్నాను. ఇవాళ్టి దాకా వినబడుతూనే ఉంది.

సమాధుల పండుగకు అక్కడికి వెళ్లేవాళ్లు పొద్దున బండికే వెళ్లండి. ఎండెక్కే కొద్దీ జనం పెరిగి, పక్క సమాధుల ప్రార్థనలు మన మీద పడతాయి. మనవాళ్ల మాట వినాలంటే కొంచెం నిశ్శబ్దం కావాలి.