డెబ్బై ఎనిమిదో రేఖాంశానికి అటూ ఇటూ

రాష్ట్రం వచ్చిన మూడో ఏడాది ఎండాకాలం చివర్లో నన్ను నీటిపారుదల శాఖ హుజూర్‌నగర్ వరద వైర్‌లెస్ కేంద్రానికి సూపర్‌వైజర్‌గా బదిలీ చేశారు. అంతకుముందు నల్లగొండలో ఆపరేటర్‌ను. నా హోదా పెరిగింది గానీ, కేంద్రం మాత్రం తరిగిపోతూ ఉంది. ఒకప్పుడు మూడు షిఫ్టులు నడిచిన గదిలో నేను చేరేసరికి ఒక్క ఆపరేటరే మిగిలాడు. అతని పేరు యేసుపాదం.

మా పని గురించి తెలియనివారికి రెండు మాటలు చెప్పాలి. వానాకాలంలో కృష్ణ మీదా, దానిలో కలిసే వాగుల మీదా అక్కడక్కడ నీటిమట్టం కొలిచే కేంద్రాలు ఉంటాయి. వరద వచ్చినప్పుడు డివిజన్ కార్యాలయంలోని కంట్రోలు ఒక్కో కేంద్రాన్ని వరుసగా పిలుస్తుంది. పిలవందే నోరు విప్పకూడదు. పిలిచినప్పుడు మట్టాన్ని ఒక్కో అంకె విడదీసి చెప్పాలి. కంట్రోలు ఆ అంకెల్ని తిరిగి చదువుతుంది. మనం ‘కరెక్ట్’ అన్న తరువాతే పక్క కేంద్రానికి వంతు. ఒక అంకె తప్పితే దిగువ ఊళ్లకు పోయే హెచ్చరిక తప్పుతుంది కాబట్టి ఈ పద్ధతి మాకు ఒంటికి పట్టిన అలవాటు. యేసుపాదానికైతే నిద్రలో లేపి ఒక అంకె చెప్పినా తిరిగి చదివి వినిపిస్తాడని మా ఆఫీసులో నవ్వుకునేవారు.

అతని తాతలు ఒకరి పొలాల్లో కూలి చేసినవారు. ఇంట్లో నెల జీతం చూసిన మొదటి మనిషి అతనే. భార్య మరియమ్మ స్టాఫ్ నర్సు. ఎన్నో ఏళ్లు తిరిగి తిరిగి హుజూర్‌నగర్ దవాఖానకు బదిలీ తెచ్చుకుంది. భార్యాభర్తలు ఒక ఊళ్లో ఉండటం మొదలై ఏడాది కూడా కాలేదు. అప్పుడే, నేను చేరిన మరుసటి ఎండాకాలంలో, ఈఈ గారి నుంచి, అంటే మా డివిజన్ ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు నుంచి, మాట వచ్చింది. వానలు పడకముందే వైర్‌లెస్ కేంద్రం మూసేయాలి, ఆపరేటర్‌ను మహబూబ్‌నగర్ అవతల జూరాల ప్రాజెక్టు వైపు పంపాలి అని.

“అందరి చేతుల్ల ఫోన్లున్నయి. ఇంక మీరు గా డబ్బాల ముందు కూసొని ఏం జేస్తరు?” అని ఆయన నన్నే అడిగారు.

ఇంటికి పోయి యేసుపాదం ఈ సంగతి చెబితే మరియమ్మ, “జూరాల కాడ చేపలు మంచిగుంటయట, పో. ఆదివారం ఆదివారం చుట్టమోలె వచ్చిపో. చాయ్ పోస్త” అన్నదట. చెబుతూ అతను నవ్వాడు గానీ, ఆ రోజంతా సెట్టు ముందు కూర్చోలేక లేచి బయట తిరుగుతూనే ఉన్నాడు. నాకూ కాలు నిలవలేదు.

నా దగ్గర ఒక ఆలోచన ఉంది. నేను ఇంటర్ దాటి చదవలేదు. నాకు తెలిసినదంతా నల్లగొండ జిల్లా గ్రంథాలయం పెట్టిన భిక్ష. అక్కడ ఒక మూల అలమారలో రేడియో ఇంజనీరింగ్ పుస్తకాలు దుమ్ము పట్టి ఉండేవి. నిఘంటువు పక్కన పెట్టుకుని ఒక్కో పేజీ కూడబలుక్కుని చదివాను. ఆ చదువుతోనే కేంద్ర ప్రభుత్వం పెట్టే అమెచ్యూర్ రేడియో పరీక్ష పాసై లైసెన్సు తెచ్చుకున్నాను. తరువాత యేసుపాదంతోనూ రాయించాను. అమెచ్యూర్ అంటే జీతం కోసం కాక, నేర్చుకోవడం కోసం రేడియో వాడేవాడు. అలాంటి వారి కోసం ఆకాశంలో చిన్న చిన్న ఉపగ్రహాలు తిరుగుతుంటాయి. మన చేతి సెట్టు మాటను అందుకుని, వేరే ఫ్రీక్వెన్సీ మీద కిందికి వదలడం వాటి పని. దారిలో టవరు అక్కర్లేదు, కరెంటు స్తంభం అక్కర్లేదు.

అందువల్ల ఈఈ గారికి విన్నవించాను. తుఫానులో టవర్లు పడిపోతే ఈ దారి ఒకటి ఉంటుంది, ఇది తెలిసిన ఆపరేటర్లు మీ చేతిలో ఉన్నారు, ఒకసారి చూడండి అని. అమెచ్యూర్ లైసెన్సు మీద శాఖ సందేశాలు పంపడానికి మామూలు రోజుల్లో వీల్లేదనీ, సాధన కోసం పలకరింపు మాత్రమే చూపిస్తాననీ కూడా చెప్పాను. ఆయన ఒప్పుకున్నారు. షరతు ఒక్కటే. దారిన పోయే గొంతు ఏదో వినిపిస్తే చాలదు. తాను చెప్పిన ఊరితో మాట్లాడాలి. మహబూబ్‌నగర్ అన్నారు. అది కుదరకపోతే మూసివేత ఉత్తర్వు సోమవారమే సంతకమవుతుంది.

మహబూబ్‌నగర్‌లో మాకు తెలిసిన అమెచ్యూర్ ఉంది. సులోచన, డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ ల్యాబ్ అసిస్టెంటు. నన్ను అన్నా అంటుంది. అడగగానే సరే అంది.

ఆదివారం సాయంత్రం కేంద్రం వెనక ఖాళీ జాగాలో సరంజామా పెట్టాం. ప్లాస్టిక్ గొట్టానికి స్టీలు టేపు ముక్కలు బిగించి నేను చేసిన యాంటెన్నా, చెప్పడానికి ఒక సెట్టు, వినడానికి ఒక సెట్టు, దానికి తగిలించి యేసుపాదానికి హెడ్‌ఫోన్, నాకు ఇయర్‌ఫోన్. రెండు సెట్లు ఎందుకంటే, మన మాట పైకి పోయి కిందికి తిరిగి వస్తున్నదో లేదో మన చెవితో మనమే వినాలి. వినిపించకపోతే మనం వృథాగా అరుస్తూ పక్కవారికి అడ్డం పడుతున్నామని అర్థం. యాంటెన్నాను ఉపగ్రహం వెంట తిప్పుతూ, మణికట్టును కూడా అటూ ఇటూ మెలితిప్పుతూ ఉండాలి. అది దగ్గరికి వచ్చేటప్పుడు ఒక ఫ్రీక్వెన్సీ, దూరం పోయేటప్పుడు కొంచెం తక్కువ. ఇవన్నీ పది నిమిషాల్లో. ఆ తరువాత అది దిగంతం కిందికి దిగిపోతుంది. మళ్లీ గంటన్నర దాటాకే దర్శనం.

ఇబ్బంది ఏమిటంటే, ఆ ఉపగ్రహానికి ఉన్నది ఒకే ఒక్క దారి. ఒకరు మాట్లాడితే మిగిలినవారంతా ఆగాలి. అది నడినెత్తికి వచ్చినప్పుడు శ్రీలంక నుంచి గల్ఫ్ దాకా, అటు చైనా దాకా అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. పైగా ఆదివారం. అందుకని పలకరింపు చాలా పొట్టిగా ఉంటుంది. లైసెన్సుతో ఇచ్చిన మీ పిలుపు గుర్తు, మీరున్న గడి. అంతే. భూమినంతా అక్షాంశ రేఖాంశాలతో గళ్లుగా విభజించి ఒక్కో గడికి రెండు అక్షరాలు, రెండు అంకెలు ఇచ్చారు. ఇంతవరకు దొరకని గడి నుంచి ఎవరైనా పలికితే, దాన్ని తమ లెక్కలో రాసుకోవాలని అమెచ్యూర్లందరికీ ఆశ. హుజూర్‌నగర్ ఎంకే తొంభై ఆరులో ఉంది. డెబ్బై ఎనిమిదో రేఖాంశం మహబూబ్‌నగర్ తూర్పు కొసను రాసుకుంటూ పోతుంది. దానికి తూర్పున నిలబడితే మాదే గడి, పడమర నిలబడితే ఎంకే ఎనభై ఆరు. సులోచన ఇల్లు తూర్పున ఉంది. వేరే గడి అయితే పరీక్షకు అందంగా ఉంటుందని ఆమె స్కూటీ మీద యాంటెన్నా కట్టుకుని గీత దాటి పడమటి వైపు పోయింది.

ఈఈ గారు జీపు దిగి, కుర్చీ వేసినా కూర్చోకుండా నిలబడ్డారు. సూర్యాపేటలో ఏదో పని ఉందని రెండుసార్లు అన్నారు. ఉపగ్రహం లేచింది. చెవిలో మొదట గాలి హోరు, వెంటనే పది గొంతులు. యేసుపాదం మైకు పట్టుకుని నిలబడ్డాడు. నిలబడే ఉన్నాడు. తనను ఎవరో పిలుస్తారని చూస్తున్నాడని నాకు అర్థమైంది. ఇక్కడ కంట్రోలు లేదు, పిలిచేవారు లేరు. భుజం తట్టాను. ఇంతలో సులోచన గొంతు స్పష్టంగా వచ్చింది, మా గుర్తు పిలిచి తన గడి చెప్పింది. యేసుపాదం అందుకున్నాడు. అందుకుని, ఆమె గడిని ఒక్కో అక్షరం, ఒక్కో అంకె తిరిగి చదివి, కరెక్టేనా అని అడిగి, మైకు వదిలి జవాబు కోసం ఆగాడు. తన గడి మాత్రం చెప్పలేదు. ఆ ఆగిన క్షణంలో నలుగురు మీద పడ్డారు. పొట్టిగా ముగించమని ఎవరో పెద్దమనిషి హిందీలో “ఛోటా రఖో భాయ్” అన్నాడు. తరువాత సులోచన గొంతు ఒకటి రెండుసార్లు మునిగి తేలింది. ఆఖరికి హోరు మిగిలింది.

“మీ చెల్లె పలికిందా?” అని ఈఈ గారు అడిగారు.

“పలికింది సార్. కనీ నా గడి ఆమెకు ముట్టలే” అన్నాడు యేసుపాదం. రెండు వైపులా గుర్తూ గడీ ముడితేనే పలకరింపు పూర్తయినట్టు. సగం పలకరింపుకు మా లెక్కలో విలువ లేదు.

“అంగట్ల బేరమాడినట్టే ఉన్నది” అని ఆయన వాచీ చూసుకున్నారు. గంటన్నరకు ఉపగ్రహం మళ్లీ వస్తుంది, ఇంకొక్కసారి చూడమని బతిమాలాను. ఆయన ఫోను తీసి సూర్యాపేటకు ఆలస్యమవుతుందని చెప్పారు. అదే సమాధానం అనుకున్నాను.

ఆ గంటన్నర ఎలా గడిచిందో ఇప్పుడు తలుచుకున్నా అరికాళ్లు దురదపెడతాయి. కనెక్టర్లు విప్పి మళ్లీ బిగించాను. బ్యాటరీ మార్చి, పాతదే మేలని మళ్లీ పాతదే పెట్టాను. యేసుపాదం ప్రహరీ వెంట అటు నుంచి ఇటు తిరిగాడు. సులోచనకు ఫోను చేశాను.

“అన్నా, ఈ ఎనభై ఆరు గడిల నుంచి ఎవలూ మాట్లాడరు గద. నా నోట్లకెళ్లి ఆ మాట రాంగనే అందరు నామీదనే పడ్డరు, చక్కెరకు చీమలు పట్టినట్టు” అంది.

గీత దాటి ఇంటికి పొమ్మన్నాను.

“ఇంటికి పోతె మీదీ నాదీ ఒక్కటే గడి. గది ఎవలికి గావాలె?”

“ఎవలికీ వద్దు. గందుకే పో” అన్నాను.

ఈఈ గారు వింటున్నారు. “ఫోన్ల మంచిగనే మాట్లాడుతున్నరు గద. మల్ల గీ తిప్పలెందుకు?” అన్నారు. యేసుపాదం నడక ఆపకుండానే, “టవరు నిలబడ్డదాక ఫోనే సార్” అన్నాడు.

తిరిగి చదవొద్దని అతనికి చెప్పాను. ఆమె నీ గుర్తు పలికి ‘విన్నాను’ అంటే అదే కరెక్ట్ అన్నట్టు.

“గట్లెట్ల వదిలిపెట్టాలె అన్నా? తిరిగి చదవకుంటే విననట్టే ఉంటది” అన్నాడు. అది ఎగతాళి కాదు. అన్నేళ్ల అలవాటు ఒక్క సాయంత్రంలో మార్చుకోమంటే ఎవరికైనా అంతే.

రెండోసారి ఉపగ్రహం పడమట, తాటిచెట్ల మీదుగా తక్కువ ఎత్తులో వచ్చింది. తూర్పు దేశాల వారికి అది అందదు కాబట్టి గుంపు పలచబడింది. యేసుపాదం మాట్లాడలేదు, విన్నాడు. ఒకరి పలకరింపు ముగిసి రెండోవారు ఊపిరి తీసుకునే సందులో సులోచన మమ్మల్ని పిలిచింది. అతను తన గుర్తు, గడి చెప్పాడు. ఆమె ‘విన్నాను’ అని తన గడి చెప్పింది. అతను ధన్యవాదాలు చెప్పి మైకు వదిలేశాడు. ఆవులించినంత సేపు కూడా పట్టలేదు.

నేను ఈఈ గారి వైపు తిరిగాను. ఆయన ఇంకా ఎదురుచూస్తున్నారు.

“అయిపోయింది సార్” అన్నాను.

“గింతేనా? మొదటిసారే నయముండె, ఏదో మాట్లాడినట్టన్న కొట్టింది. మల్ల పిలువు. ఏదన్న మాట్లాడుమను. పొద్దుగాల్ల ఏం కూర వండిందో అడుగు, పోనీ.”

ఆయన చేతిలో సోమవారం సంతకం ఉంది. యేసుపాదానికి ఆ సంగతి నాకంటే బాగా తెలుసు. అతను మైకును కుర్చీ మీద పెట్టాడు.

“సార్, మా వంతు అయిపోయింది. ఎనుక మంది ఉన్నరు” అన్నాడు.

ఈఈ గారు ముందుకు వచ్చి అతని చెవుల మీది హెడ్‌ఫోన్ తీసి తాను పెట్టుకున్నారు. నేను యాంటెన్నా తిప్పుతూనే ఉన్నాను. కొచ్చి మనిషి ఒకరు, గల్ఫ్ మనిషి ఒకరు, శ్రీలంక మనిషి ఒకరు, ఎవరి ముక్క వారు చెప్పి తప్పుకుంటున్నారు. ఆయన ఆఖరి దాకా విన్నారు.

“వీళ్లకు వంతు ఎవరు చెప్తున్నరు?”

“ఎవరూ చెప్పరు సార్. చెవి పెట్టి వినుడే” అన్నాడు యేసుపాదం.

“మరి రేపు కృష్ణ పొంగితే, నీ నీటిమట్టం చెప్పనీకి గీ గుంపుల నీకెవరు జాగ ఇస్తరు?”

“ఇస్తరు సార్, మంచోళ్లే. కనీ ఇంత సందే ఇస్తరు. మల్ల గంటన్నరకు.”

“గంటకోసారి మట్టం గావాలె నాకు. కంట్రోలు పిలిస్తే పలకాలె.”

“గట్ల పలికే సెట్లు మన తాన ఉన్నయి సార్. మీరే మూయమన్నరు.”

నేను యాంటెన్నా కింద పెట్టి సర్దుతున్నట్టు వంగాను. ఈఈ గారు హెడ్‌ఫోన్ అతని చేతికిచ్చి జీపు ఎక్కారు.

సోమవారం ఉత్తర్వు రాలేదు. ఆ వారం చివర ఒక నోటు వచ్చింది. ప్రత్యామ్నాయంగా చూపిన ఉపగ్రహ మార్గం వరద సమాచారానికి పనికిరాదనీ, కంట్రోలు లేని మార్గం మీద ఆధారపడలేమనీ, అందువల్ల ఇప్పుడున్న వైర్‌లెస్ కేంద్రం ఈ వానాకాలం యథాతథంగా నడపాలనీ అందులో ఉంది. యేసుపాదం దాన్ని నిలబడే చదివి, చాయ్ వద్దని దవాఖానకు పోయాడు. మరియమ్మ “ఒక్క వానకాలమేనా?” అన్నదట. నాకు మాత్రం ‘పనికిరాదు’ అన్న మాట చాలా రోజులు గుచ్చుకుంది. పుస్తకం మీద పుస్తకం చదివి పట్టుకున్న విద్య అది.

మరుసటి ఏడు కేంద్రం మూసేశారు. అప్పటికి హుజూర్‌నగర్ సబ్ డివిజన్ ఆఫీసులో ఖాళీ వచ్చింది, యేసుపాదాన్ని అందులో సర్దారు. జూరాలకు పోవలసిన అవసరం రాలేదు.

తరువాత నేను నీటిమట్టం యంత్రాలు, శాటిలైట్ ఫోన్లు ఎన్నో పై అధికారులకు చూపించాను. ప్రతిసారీ ఆ పరికరం ఏ పని చేయజాలదో ముందు చెప్పాను, ఏం చేయగలదో తరువాత చెప్పాను. అధికారి నిర్ణయం ఎక్కువగా మొదటి మాట మీదే ఆధారపడుతుంది. ఉపగ్రహం గొప్పదని నేను చేసిన వాదన ఆ కేంద్రాన్ని ఒక్క రోజు కూడా నిలబెట్టలేదు. దాని పరిమితి ఆయన చెవికి వినబడింది కాబట్టే నిలబడింది.