మాస్టారు జడ్జిగారయ్యాక

నల్లకోటు ఇంకా కొత్త వాసన వేస్తున్న రోజుల్లో, న్యాయం అంటే తెలిసినవాళ్ళ ఇంట్లో దాచిపెట్టిన సామాను లాంటిదనీ, వెళ్ళి అడిగితే తీసి చేతికిస్తారనీ నమ్మేదాన్ని. ఇప్పుడా కోటు మోచేతుల దగ్గర వెలిసిపోయింది. కోర్టు మెట్లెక్కుతుంటే నాకంటే ముందు నా మోకాళ్ళు వాదన మొదలుపెడుతున్నాయి. అయినా ఆ నమ్మకం చెదిరిన ఉదయం మాత్రం ఇంకా కళ్ళ ముందే ఉంది.

తిరుపతిలో లా చదివేటప్పుడు మాకు సాక్ష్యాల చట్టం చెప్పిన మాస్టారు పగలంతా కోర్టులో వకీలు, సాయంత్రం మా కాలేజీలో ప్రొఫెసరు. కర్నూలు వైపు మనిషి. ఆయనకు మాట్లాడటమంటే ప్రాణం. హత్య కేసు పాఠమైతే హంతకుడూ ఆయనే, పోలీసూ ఆయనే, ఆఖరికి శవం కూడా ఆయనే (ఒకసారి నిజంగానే బల్ల మీద వెల్లకిలా పడుకున్నారు, అటుగా వచ్చిన అటెండరు హడలిపోయి మంచినీళ్ళు తేవడానికి పరుగెత్తాడు). నన్ను మా ఊరి పేరుతోనే తప్ప నా పేరుతో పిలవడం ఏనాడూ ఎరగరు. "ఏమ్మా అల్లూరమ్మాయ్, నీ కంటితో చూసినావా, ఎవరో చెప్తే విన్నావా?" అని నిలదీసేవారు. మా చివరి సంవత్సరంలో ఆయన పరీక్ష రాసి జిల్లా జడ్జిగా ఎంపికయ్యారు. రెండు నిమిషాలు నోరు మూసుకుని కూర్చోలేని మనిషి జడ్జి ఏమిటని మేమంతా పడిపడి నవ్వాం. వీడ్కోలు సభలో ఆయన మాత్రం నవ్వలేదు. "ఇన్నేండ్లు మాట్లాడినా. ఇంక వినే పని. వచ్చునో రాదో చూడాల" అని కూర్చున్నారు. ఆ కాలేజీలో నేను విన్న ఆయన ఉపన్యాసాలన్నిటిలోకీ చిన్నది అదే.

కొన్నేళ్ళ తర్వాత ఆయన బదిలీ మీద నెల్లూరికి అదనపు జిల్లా జడ్జిగా వచ్చారు. అప్పటికి నేను అక్కడే సాహెబు గారి దగ్గర జూనియర్‌ని. సాహెబు గారంటే మా సీనియర్. మెత్తటి మనిషి, గొంతు కూడా అంతే మెత్తన. ఆయన వాదిస్తుంటే ఎదుటి పక్షం వాళ్ళు వినపడక చెవులు రిక్కించి, ఆ శ్రమకే సగం అలిసిపోయేవారు. జడ్జిగారు మా మాస్టారేనని నేను ఇంట్లో ఒక్క మాట అన్నాను, అంతే. అల్లూరులో మా నాన్నది ఎరువుల కొట్టు. యూరియాకు వచ్చిన ప్రతి రైతుకూ బస్తాతో పాటు ఈ వార్త కూడా అందింది. "మా పాపకు చదువు చెప్పిన అయ్యవారే జడ్జిగా వచ్చినాడబ్బా! ఇంక మనకేం భయం?" అని నాన్న అభయమిస్తుంటే, గట్టు తగాదాలూ దారి తగాదాలూ ఒక్కొక్కటే మా వసారాలోకి వచ్చి కూర్చున్నాయి. "నాన్నా, అట్టా చెప్పకూడదు" అంటే, "నేనేం అబద్ధం చెప్పినానా?" అని ఎదురడిగేవాడు. ఆ ప్రశ్నకు జవాబు లా పుస్తకాల్లో దొరకలేదు.

ఆ వచ్చిన వాళ్ళలో పాటలక్క ఒకతె. మా చర్చిలో ఆమె గొంతెత్తితే మైకు అక్కరలేదు, అందుకే ఆ పేరు. భర్త పోయాక రెండెకరాల కయ్యను ఒంటరిగా సాగుచేసుకుంటూ పిల్లలిద్దరినీ చదివించుకుంటోంది. పక్క పొలం ఆసామి రొయ్యల గుంట తవ్వించాడు. గుంటలోని ఉప్పునీళ్ళు గట్టు కింద ఊటగా దిగి, ఆమె వరి పాలుపోసుకునే వేళకు ఎండిన గడ్డిలా అయిపోయింది. గుంటలో నీళ్ళు పెట్టకుండా ఆపమని కింది కోర్టులో అడిగితే, ఊట ఆ గుంటదేనని రుజువు లేదని కొట్టేశారు. మేం అప్పీలు వేశాం. అది మాస్టారి కోర్టుకే వచ్చింది. పాటలక్క ఆ ఆదివారం చర్చిలో కృతజ్ఞతా ప్రార్థన కూడా చేయించింది. నేను ఆమెన్ అన్నాను, కొంచెం గట్టిగానే.

విచారణ రోజున సాహెబు గారికి గొంతు పూర్తిగా పోయింది. నా పక్కన కూర్చుని, నన్ను ముందుకు తోశారు. బెంచీ మీద మాస్టారు రాయిలా కూర్చుని ఉన్నారు. చేతులు కదలడం లేదు, కనుబొమలు కదలడం లేదు. తరగతి గదిలో శవంగా పడుకున్నప్పుడు కూడా ఆయనలో ఇంతకంటే ఎక్కువ చలనం ఉండేది. బెంచి క్లర్కు మా అప్పీలు నంబరు పిలిచాడు. నేను చటాలున లేచి, "ప్రెజెంట్ సార్!" అన్నాను.

కోర్టు హాలంతా గొల్లుమంది. మాస్టారు నవ్వలేదు. "చెప్పండి, కౌన్సెల్" అన్నారు. అల్లూరమ్మాయ్ కాదు, కౌన్సెల్. ఏ వకీలుకైనా వాడే ఆ పిలుపుతో సగం పాయింట్లు మరిచిపోయాను. మిగతా సగం వరస తప్పి బయటికొచ్చాయి. నేను పంట ఎట్లా ఎండిందో చెబుతుండగా వెనక బల్ల మీంచి పాటలక్క లేచింది. సంచిలోంచి ఒక సీసా తీసి పైకెత్తింది.

"అయ్యా! ఇయి నా కయ్యలో నీళ్ళు. ఒక్క గుక్క నోట్లో పోసుకోని చూడండి సామీ. రుజువు రుజువంటారే, ఇంకేం రుజువు కావాల?"

జవాను ఆమె వైపు కదలబోతే మాస్టారు చేయెత్తి ఆపారు. "అమ్మా, నేను రుచి చూస్తే సాక్షినైపోతాను. సాక్షి తీర్పు చెప్పకూడదు. కూర్చోండి" అన్నారు. తర్వాత నా వైపు తిరిగి, "కౌన్సెల్, ఇప్పుడు మీరు ఈ కోర్టును ఏం కోరుతున్నారు?" అని అడిగారు.

నాకేమీ తోచలేదు. ఆయన ఎదురుచూశారు. సాహెబు గారు నా వకీలు గౌను పట్టుకుని లాగుతూ గాలి గొంతుతో ఏదో అంటున్నారు. చివరికి వెలిగింది. పొలానికి కోర్టు తరఫున చూసివచ్చే కమిషనర్‌ను పంపాలి, వ్యవసాయ అధికారి చేత మట్టీ నీళ్ళూ పరీక్ష చేయించాలి. ఆ మాట అన్నాను. "దానికి పిటిషన్ వేయండి" అన్నారు మాస్టారు.

గుంట ఆసామి తరఫు వకీలు లేచారు. పెద్దాయన. కోపంగా కాదు, చాలా మర్యాదగా అన్నారు. "అయ్యా, మన్నించాలి. ఈ అమ్మాయి తమరి శిష్యురాలని అల్లూరంతా చెప్పుకుంటున్నారు. ఇప్పుడిక్కడ జరిగింది పాఠమో విచారణో నా క్లయింటుకు అర్థం కావడం లేదు."

ఎరువుల కొట్టు, నాన్న, యూరియా బస్తాలు నా కళ్ళ ముందు గిర్రున తిరిగాయి. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు.

"అవును, నా విద్యార్థినే. ఆ మాట ముందుగా నేనే చెప్పవలసింది. ఈ అప్పీలు నేను వినను" అన్నారు. వేరే కోర్టుకు మార్చమని ప్రధాన జిల్లా జడ్జిగారికి రాస్తానని చెప్పి, తర్వాతి కేసు పిలవమన్నారు. నా వైపు చూడలేదు.

బయట మెట్ల మీద పాటలక్క సీసా పట్టుకుని కూలబడింది. "మంచయ్యను పోగొట్టినావు కదమ్మే! ఆయనైతే నా మొగం చూసి మాట్లాడినాడు. ఇంకొకరు మాట్లాడతారా?" అంది. నేను ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను. కళ్ళు తుడుచుకోవడానికి గౌనే దొరికింది. ఒక్క చూపైనా చూడని మాస్టారి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. సాహెబు గారు మా ముందు నిలబడి, లేని గొంతుతో, "ఏడుపు అయిపోయినాక రా పాపా, పిటిషన్ టైపు కొట్టాల" అని వెళ్ళిపోయారు.

కొత్త జడ్జిగారు పాటలక్క మొహం ఒక్కసారి కూడా చూడలేదు. కాగితాలు మాత్రం ఆసాంతం చూశారు. కమిషనర్ వెళ్ళాడు, మట్టి పరీక్ష జరిగింది, ఊట గుంటదేనని తేలింది. గుంట చుట్టూ లోతుగా కాలువ తవ్వి ఊటను మళ్ళించేదాకా నీళ్ళు పెట్టకూడదని తీర్పు వచ్చింది. గుంట ఆసామి పైకోర్టుకు పోలేదు. విసుక్కుంటూనే కాలువ తవ్వించాడు. ఉప్పు వదలడానికి కయ్యకు చాలా వానలు పట్టాయి. మొదటిసారి పండిన వడ్లలో పాటలక్క మా ఇంటికొక బస్తా పంపితే, నాన్న దాన్ని కొట్టు ముందు పెట్టుకుని కొత్త కథ మొదలుపెట్టాడు. ఈసారి కథలో జడ్జి లేడు, అంతా నేనే.

మాస్టారికి బదిలీ అయినప్పుడు సాహెబు గారితో కలిసి ఆయన ఇంటికి వెళ్ళాను. సామాను సర్దిన పెట్టెల మధ్య కూర్చుని టీ ఇచ్చారు. కేసు అయిపోయింది కాబట్టి అప్పుడు మాట్లాడారు.

"నేను విని ఉంటే నువ్వు గెలిచింటివేమో, అల్లూరమ్మాయ్. ఆ గుంటాయన మాత్రం గురువూ శిష్యురాలూ కలిసి ముంచినారని సచ్చేదాకా అనుకుంటాడు. అట్లాంటి గెలుపు ఆ సీసా తెచ్చినామెకెందుకు? పక్క పక్క పొలాలోళ్ళు, రేపు మొగాలు చూసుకోవద్దా?" అన్నారు. గొంతు తగ్గించారు. "నువ్వు తడబడతా ఉంటే జవాబు నా నాలిక కొసన ఉండె. దాన్ని మింగేదానికి ఎంత కష్టమయిందో నీకు తెల్దు. ఈ ఉద్యోగంలో నేను నేర్చింది అదొక్కటే. ఇంగా పూర్తిగా రాలేదు."

సాహెబు గారు లేచి ఆయనకు సలాం చేశారు.

మాస్టారు రిటైరై ఇప్పుడు మళ్ళీ ఎక్కడో పాఠాలు చెబుతున్నారట. నేను ఈ కోర్టులోనే ఉన్నాను. ఒక్కోరోజు ఆ మెట్లు దిగుతుంటే, గౌనుతో ముక్కు తుడుచుకుంటున్న ఒక పిల్ల కనిపిస్తుంది. పైన బెంచీ మీద తన మనిషి ఒకరు ఉంటే చాలుననుకున్న ఆనాటి పిల్ల. ఆమెకేం చెప్పాలో ఇప్పుడు నాకు తెలుసు. అయినా పలకరించను, కాసేపు ఏడవనిస్తాను. మొహం కడుక్కుని ఒక టీ తాగి, నేరుగా టైపు మిషను ముందు కూర్చోబోయే పిల్లే కదా.