తలుపు అవతల నలభై నిమిషాలు

చరిత్ర రాసేవాళ్ళకి యుద్ధాలూ పట్టాభిషేకాలూ తప్ప మరొకటి కంటికి ఆనదు. అందువల్లనే, ఇరవై రెండేళ్ళ కిందటి డిసెంబరు ఇరవై నాలుగున, సాయంత్రం ఏడుంబావుకి, మూడో అంతస్తులోని ఒక ఇంట్లో ఒక లిఫ్టు మెకానిక్ కుర్చీలోంచి లేచి, కళ్ళజోడు చొక్కా అంచుతో తుడుచుకుని, టీవీ పక్కన నిలబడి, "అప్పుడు ఆవిడ తలుపు తీసింది" అన్న సంగతి ఏ గ్రంథంలోనూ నమోదు కాలేదు. నాటి నుంచి ఏటా అదే రోజున, అదే వేళకి, ఆయన లేవడం, కళ్ళజోడు తుడవడం, ఆ మాట అనడం జరుగుతూనే ఉన్నాయి. ఈలోగా ప్రభుత్వాలు మారాయి. ఆ ఇంట్లో టీవీలు మూడు మారాయి. మాట మాత్రం మారలేదు.

ఈ ఆచారం పుట్టుక తెలియాలంటే ముందు ఆయన వృత్తి గురించి నాలుగు ముక్కలు తెలియాలి. ఆయన చూసేవి పాత లిఫ్టులు. వాటి తలుపులు సరిగా పడవు, పడితే తెరుచుకోవు, తెరుచుకున్నా అంతస్తుకి జానెడు కిందో పైనో ఆగుతాయి. రెండు అంతస్తుల మధ్య మనుషులతో సహా ఆగిపోయినప్పుడు ఆయనకి కబురు వస్తుంది. డాబా మీది యంత్రం గదిలోకి వెళ్ళి, బ్రేకు వదిలి, చక్రాన్ని చేత్తో తిప్పుతూ లిఫ్టుని అంగుళం అంగుళం కిందికి దింపాలి. అయితే ఆయన ముందుగా డాబా ఎక్కడు. మూసుకున్న తలుపు దగ్గర నిలబడి లోపలివాళ్ళతో మాట్లాడతాడు. ఇరుక్కున్న మనిషికి గాలి ఎలాగూ ఆడుతూనే ఉంటుందని, ఆడనిది మనసేనని ఆయన సిద్ధాంతం. అందుకని ఏదో ఒక కథ ఎత్తుకుంటాడు. ఒకే సైకిలు మీద ఇద్దరన్నదమ్ములు ఇరవయ్యేళ్ళు ఉద్యోగం చేసిన వైనం చెబుతాడు, లేదా తమ మెట్ల కింద పిల్లి ఎన్నోసారి ఈనిందో చెబుతాడు. కథ మంచి పట్టులో ఉండగా "ఒక్క నిమిషం" అని పైకి వెళ్తాడు. లోపలివాళ్ళు భయపడటం మానేసి, ఆ తర్వాత ఏమైందా అని ఆలోచిస్తూ కిందికి దిగుతారు. ఒక పళ్ళ డాక్టరు బయటపడ్డాక ఇంటికి వెళ్ళకుండా, మిగతా కథ కోసం ఐదంతస్తులు మెట్లెక్కి డాబా మీదికి వచ్చాడు.

ఇక ఆ ఇంటి క్రిస్మస్‌కి ఒక రాజ్యాంగం ఉంది. డిసెంబరు మొదటి ఆదివారం కిటికీకి కాగితపు నక్షత్రం కట్టాలి. దాని లోపలి బల్బు మొదటి ప్రయత్నంలో వెలగకూడదు, ఇంతవరకు వెలగలేదు కూడా. ఇరవై మూడో తారీఖు సాయంత్రం మెకానిక్ భార్యకి అక్కగారు, ఇంటిల్లిపాదీ పెద్దమ్మ అని పిలిచే ఆవిడ, అట్ట ఊడిన క్రిస్మస్ కథల పుస్తకంలోంచి ఒక కథ చదవాలి. పుస్తకంలో పద్నాలుగు కథలున్నా ఆవిడ చదివేది ఆరోదే. మిగతా పదమూడూ ఎలా ఉంటాయని ఎవరూ అడగలేదు, ఆవిడా చెప్పలేదు. ఇరవై నాలుగున సాయంత్రం ఐదింటికి దుప్పట్లు కప్పుకుని, కేకు ముక్కలూ వేడి కోకో కప్పులూ పట్టుకుని సినిమా చూడాలి. ఎదురింటి లెక్కల మాస్టారు తన కుర్చీ తానే తెచ్చుకుని వస్తారు. రిటైరైన మనిషి, ఒంటరివారు. ఎవరూ పిలవకుండానే ఇరవై రెండేళ్ళుగా ముఖ్య అతిథి.

ఆ సినిమా పేరు ఎవరికీ తెలియదు. టీవీలో వస్తుండగా మెకానిక్ దాన్ని వీడియో క్యాసెట్‌లోకి ఎక్కించేసరికే పేర్లు పడిపోయాయి. క్యాసెట్ మొదట్లో పెద్దమ్మకి ప్రమోషను వచ్చినప్పటి సన్మాన సభ ఉంది. దాన్ని చెరపడానికి ఆవిడ ససేమిరా అంది. అందువల్ల సినిమాకి చివర చోటు చాలలేదు. కథ మంచులో కూరుకుపోయిన ఒక చిన్న రైల్వే స్టేషన్లో జరుగుతుంది. అక్కడ రొట్టెలు కాల్చి అమ్మే ఒకావిడ, పోట్లాడి వెళ్ళిపోయిన తమ్ముడి కోసం పదకొండేళ్ళుగా చూస్తుంటుంది. ఈ పండక్కి వస్తానని అతను ఉత్తరం రాశాడు. మంచు ఆగదు, బండి రాదు. ఆవిడ వెంట తిరిగే కుక్క ఒకటి సగంలో మాయమవుతుంది. చివరికి ఎవరో తలుపు కొడతారు. ఆవిడ చేతి పిండి దులుపుకుని గడియ మీద చెయ్యి వేస్తుంది. అక్కడ క్యాసెట్ అయిపోయింది.

మొదటి ఏడు అలా ఆగిపోయినప్పుడు మెకానిక్ కూతురికి ఐదేళ్ళు. "ఎవరొచ్చారు? ఎవరొచ్చారు?" అని ఏడుపు లంకించుకుంది. రెండు అంతస్తుల మధ్య ఇరుక్కున్నవాళ్ళని చూస్తే ఆయన నోరు ఊరుకోదు. "ఏం లేదమ్మా, ఈ సినిమా నేను హాల్లో చూశాగా, చెబుతా విను" అన్నాడు.

ఇది అబద్ధం. ఆయన ఆ సినిమాని ఏ హాల్లోనూ చూడలేదు.

ఆ ఏడు ముగింపు ఐదు నిమిషాల్లో అయిపోయింది. తలుపవతల తమ్ముడున్నాడు, అక్క కౌగిలించుకుంది, సమాప్తం. మరుసటేడు లెక్కల మాస్టారు, మరి కుక్క సంగతి తేలలేదే అన్నారు. మెకానిక్ కుక్కని తీసుకొచ్చాడు. నాలుగో ఏడు పెద్దమ్మ, ఆ స్టేషను మాస్టారు పాపం మంచివాడు, ఒంటిగా ఉన్నాడు అని నిట్టూర్చింది. మెకానిక్ అతనికీ రొట్టెలావిడకీ పెళ్ళి చేశాడు. ఆ కథలోనే, ఊరివాళ్ళతో పడని రొట్టెలావిడ ఇంటి యజమాని క్షమాపణ చెప్పడానికి తొమ్మిదో ఏడు దాకా పట్టింది. లెక్కల మాస్టారు మనసులోనే అన్నీ గుర్తుపెట్టుకుని, పోయినేడు తమ్ముడి సంచి ఎడమచేతిలో ఉందన్నారే అని నిలదీసేవారు. అలా సరిచూసుకుంటూ, పెంచుకుంటూ ముగింపు నలభై నిమిషాలకి చేరింది. క్యాసెట్లు చెల్లిపోయే కాలం వచ్చినప్పుడు ఆయన దాన్ని పెన్‌డ్రైవులోకి మార్పించాడు. కావాలంటే సినిమా మొత్తం వెతికి ఇస్తానన్నాడు దుకాణంవాడు. ఉన్నది ఉన్నట్టు ఎక్కిస్తే చాలన్నాడు ఈయన.

ఈ ఏడు కూతురికి పెళ్ళయింది. ఆమె చిన్న పిల్లల బళ్ళో టీచరు. ఏటా డిసెంబరులో తన తరగతికి ఆ కథ చెబుతుంది, ముగింపుతో సహా. అప్పటికి నాలుగు తరగతుల పిల్లలు కుక్క తిరిగొచ్చిన దృశ్యాన్ని రంగు పెన్సిళ్ళతో గీసి గోడకి అంటించారు. భర్తకి కూడా చెప్పింది. అతను కళ్ళద్దాల దుకాణంలో చూపు పరీక్షిస్తాడు. పావు పాయింటు తేడా ఉన్నా నిద్రపట్టని మనిషి. మామగారింట్లో తొలి పండక్కి ఏం తీసుకెళ్ళాలా అని ఆలోచించి, స్టేషను, మంచు, రొట్టెలావిడ, కుక్క అన్న ఆనవాళ్ళతో దేశదేశాల సినిమా పిచ్చివాళ్ళకి రాస్తూ నాలుగు నెలలు వెతికాడు.

ఇరవై నాలుగు మధ్యాహ్నం భోజనాల దగ్గర బయటపెట్టాడు. "మావయ్యగారూ, మీ సినిమా దొరికింది. మొత్తం, చివరిదాకా. అందరితో కలిసి చూద్దామని నేను కూడా ఇంకా చూడలేదు."

మెకానిక్ "దొరికిందా" అని, ఎవరూ అడక్కుండానే పెద్దమ్మకి మంచినీళ్ళ గ్లాసు అందించాడు. పెద్దమ్మ అల్లుణ్ణి ఆశీర్వదించింది. కూతురు మొగుడి వైపు గర్వంగా చూసి, నాన్న చెప్పినదానికి అక్షరం తేడా ఉండదు చూసుకో అంది. మెకానిక్ చెయ్యి కడుక్కుని, తమ బిల్డింగు లిఫ్టు యంత్రం ఏదో చప్పుడు చేస్తోందని డాబా ఎక్కాడు.

కాసేపటికి భార్య రెండు కప్పుల టీతో యంత్రం గదిలోకి వచ్చింది. ఆయన నూనె గుడ్డ పట్టుకుని, శుభ్రంగానే ఉన్న చక్రాన్ని తుడుస్తున్నాడు.

"ఆ మెయిను స్విచ్చి వైపు చూడకండి," అంది. "కరెంటు తీసేస్తే రేపు చూస్తారు."

ఆయన టీ అందుకున్నాడు. "ఆ సినిమా నేను చూడలేదే."

"తెలుసు."

"ఎప్పట్నించి?"

"మొదటి రోజు నించీ. పెళ్ళయ్యాక నన్ను పదకొండు సినిమాలకి తీసికెళ్ళారు. ఒక్కదానికైనా ఇంటర్వెల్ తర్వాత మెలకువగా ఉన్నారా? చివర చూశానన్నప్పుడే అర్థమైపోయింది."

"మరి అనలేదేం?"

"బాగా చెబుతున్నారు కదా అని." ఆవిడ తన టీ పూర్తిచేసింది. "నాదేముంది గానీ, అమ్మాయికి చెప్పండి. నమ్మింది అదొక్కతే కాదు, దాని క్లాసు క్లాసంతా నమ్మారు."

ముక్కూ మొహం తెలియనివాళ్ళకి ఆయన తలుపు సందులోంచి ఎన్ని కథలైనా చెప్పగలడు. ఇరవై రెండేళ్ళు తన మొహం చూస్తూ విన్న పిల్లకి ఇది చెప్పడానికి బదులు, చక్రాన్ని ఇంకోసారి తుడిచాడు. ఐదయింది.

సినిమా మొదలైంది. మొట్టమొదటిసారి పేర్లు కనిపించాయి, పెద్దమ్మ వాటిని పైకే చదివింది. సన్మాన సభ లేకుండా నేరుగా సినిమా రావడం ఆవిడకి కొంచెం కొరతగా అనిపించినట్టుంది. మిగతాదంతా అందరికీ కంఠతా వచ్చిందే. ఆ సభ లేనందువల్ల ఈసారి ఏడు కాకముందే అసలు ఘట్టం వచ్చింది. తెరమీద తలుపు చప్పుడైంది. రొట్టెలావిడ పిండి దులుపుకుని గడియ మీద చెయ్యి వేసింది. అలవాటు కొద్దీ అందరి తలలూ మెకానిక్ వైపు తిరిగాయి. బొమ్మ ఆగకపోవడంతో మళ్ళీ టీవీ వైపు తిరిగాయి.

ఆవిడ తలుపు తీసింది. అవతల స్టేషను మాస్టారున్నాడు. టోపీ మీద మంచు. బండి ఇవాళ రాదని చెప్పాడు. ఆవిడ సరే అంది. తలుపేసి, రొట్టె పళ్ళేన్ని పొయ్యిలోకి నెట్టింది. పేర్లు పడ్డాయి.

"మిగతాది పెట్టు నాయనా," అంది పెద్దమ్మ.

"అంతేనండి, అత్తయ్యగారూ."

లెక్కల మాస్టారు ముందుకు వంగారు. "తమ్ముడేడి? కుక్కేది? నలభై నిమిషాల సరుకండీ, ఎవరో అడ్డంగా కోసేశారు. మీకు ఎవరో కత్తిరించిన కాపీ అంటగట్టారు."

పేర్లు కూడా పడ్డాయి కదండీ అని అల్లుడు నసిగాడు. పేర్లదేముంది, ఎక్కడైనా అతికించవచ్చునన్నారు మాస్టారు. తొలి పండక్కి తోక తెగిన సినిమా తెచ్చిన అల్లుణ్ణి తానింతవరకు చూడలేదని పెద్దమ్మ కేకుతో చెప్పుకుంది. కూతురు కూడా, తెచ్చేముందు ఒకసారి చూసుకోవాల్సింది అంది. అల్లుడి చెవులు ఎర్రబడ్డాయి. నాలుగు నెలల శ్రమని చేతిలో రిమోటు కింద ఎక్కడ దాచాలో తెలియక అటూ ఇటూ తిప్పుతున్నాడు.

మెకానిక్ ఇక చేయవలసిందేమీ లేదు. ఊరుకుంటే చాలు. ఇరవై రెండేళ్ళ పరువు ఇంకో ఇరవై రెండేళ్ళు నిలుస్తుంది. ఆయన అల్లుడి చేతుల వైపు కాసేపు చూసి, లేచి నిలబడ్డాడు.

"అతను తెచ్చింది మొత్తమే. హాల్లో చూశానని నేను ఆడింది అబద్ధం. ఆ తమ్ముడు, పెళ్ళి, కుక్క అన్నీ నేను కల్పించినవే."

లెక్కల మాస్టారు లేచి వచ్చి, ఆయన చెయ్యి రెండు చేతులతో పట్టుకున్నారు. అల్లుడి మాట పోకూడదని ఇంతటి నింద నెత్తిన వేసుకునే మామగారు ఉండడం ఆ కుర్రాడి అదృష్టమన్నారు. మా మరిది మొదట్నించీ అంతేనంటూ పెద్దమ్మ కళ్ళు ఒత్తుకుంది. ఇది నిజమేనని మెకానిక్ ఇంకోసారి గట్టిగా అన్నాడు. దాంతో వాళ్ళు మరింత కరిగిపోయారు. చివరికి అల్లుడే, "నాకోసం మీరు అంత మాట అనక్కర్లేదు మావయ్యగారూ, రేపే వాళ్ళకి రాసి పూర్తి కాపీ తెప్పిస్తాను" అన్నాడు.

కూతురు మాత్రం తండ్రి మొహం చూసింది. తర్వాత తల్లి వైపు చూసింది. తల్లి కప్పులు తీస్తోంది, కప్పులు తీయడానికి అవసరమైనదానికన్నా ఎక్కువ శ్రద్ధగా తీస్తోంది. మాస్టారూ పెద్దమ్మా కాపీల మోసాల గురించి మాట్లాడుకుంటుండగా, కూతురు కుర్చీ తండ్రి పక్కకి జరుపుకుని, ఆయనకి మాత్రమే వినబడేలా అడిగింది.

"ఒక్కటి కూడా నిజం కాదా?"

"బండి రాదనుకోలేదమ్మా," అన్నాడు.

ఆమె తల ఊపింది. "బళ్ళో పిల్లలకి నేను చెప్పుకుంటాలే. ఇప్పుడు బండి రాలేదుగా, మరి తమ్ముడెలా వచ్చాడు? దాన్నించి మొదలుపెట్టు."

ఆయన ఆలోచించాడు. బండి ముందు స్టేషన్లో ఆగిపోయిందని, అక్కణ్ణించి తమ్ముడు పట్టాల వెంట నడిచొచ్చాడని, అతనికి దారి చూపించింది కుక్కేనని తేల్చాడు. ఆ సాయంత్రం ముగింపు నలభై మూడు నిమిషాలు సాగింది. స్టేషను మాస్టారికి తలుపు కొట్టే అవకాశం దొరికినందుకు పెద్దమ్మ ప్రత్యేకంగా సంతోషించింది.

మర్నాడు కాఫీ తాగాక అల్లుడు రెండు కాపీలూ పక్కపక్కన పెట్టి కొలిచాడు. క్యాసెట్ ఆగిన చోటు నుంచి సినిమాలో మిగిలింది ఒక నిమిషం యాభై సెకన్లు. అందులో నలభై సెకన్లు పేర్లు.